మనదన్నాను

మే 9, 2006, మంగళవారం

ఇది ఎవరికీ చూపించేది కాదు. నాకు చదువు రాదు కాబట్టి కోడలు సుభాషిణి రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయమంటే నా పలుకు సరిచేసి పుస్తకాల్లో మాదిరి రాస్తోంది. రాసుకోనీ. మాట మార్చకపోతే చాలు. ఎందుకు రాయిస్తున్నానంటే, ఈ ఊళ్ళో పొద్దున నేనన్న మాట సాయంత్రానికి అనలేదంటున్నారు. రేపెవరైనా "హనుమాయమ్మా, నువ్వు అలా అనలేదు" అంటే, అన్నానని నాకైనా తెలియాలి.

సంగతి ఇదీ. మా ప్రహరీగోడకూ పెద్దరోడ్డుకూ మధ్య మట్టినేల ఒకటుంది. మంచం అడ్డంగా వేస్తే ఇంకొంచెం మిగిలేటంత. రోడ్డు దాటితే ఢిల్లీ, ఇటువైపు ఘాజియాబాద్. ఆ మట్టినేలలో నేరేడుచెట్టు. దానికి రోడ్డు వైపు వంగిన పెద్దకొమ్మ ఎండిపోయింది. నేరేడు కొమ్మను పచ్చిగా ఉన్నప్పుడే నమ్మకూడదు. ఎండింది ఏపాటి ఆగుతుంది? ఆ కొమ్మకు సరిగ్గా కింద బిమ్లా ఇస్త్రీబల్ల. పొద్దున్నుంచి చీకటిపడేదాకా బొగ్గులపెట్టెతో అక్కడే నిలబడి ఉంటుంది.

బిమ్లా మీద నాకేమీ ప్రేమ లేదు. నా నేతచీర అంచు కాల్చింది. కానీ కొమ్మ పడితే దాని నెత్తినే పడుతుంది.

వీరభద్రరావుగారిని అడిగాను. మా కాలనీ సంఘానికి సెక్రటరీ. ఎయిర్‌ఫోర్సులో చేసి, రిటైరై ఇక్కడే ఉండిపోయాడు. ఒంగోలు వైపు మనిషి.

"అక్కయ్యగారూ, గోడ లోపల ఆకు రాలినా పూచీ నాది. గోడ బయట మాను పడినా నాకు సంబంధం లేదు," అన్నాడు.

"గోడ మీద పడితే?"

"అప్పుడు చూద్దాం."

"అప్పుడు చూడటానికి మీరెందుకు, కాకులొస్తాయి," అన్నాను.

ఈ మాట వద్దత్తయ్యా అంటోంది సుభాషిణి. రాయమన్నాను.

మే 11

గాలి లేదు. కొమ్మ అలాగే ఉంది. కిటికీ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్తారని కోడలు అడిగింది. ఎన్నిసార్లయితే దానికేం?

మే 15, సోమవారం

సుభాషిణిని వెంటబెట్టుకుని ఆటోలో చెట్ల ఆఫీసుకు వెళ్ళాను. నా కొడుకు సదాశివరావుకు చెప్పలేదు. వాడు పొద్దున్నే సాకేత్‌లో ఆఫీసుకు పోతాడు, వచ్చేసరికి ముఖం వేలాడేసుకుని వస్తాడు. వాడికి కొమ్మ గురించి చెబితే, "అమ్మా, రోజంతా నువ్వు ఆ కొమ్మనే చూస్తావా" అంటాడు. ఇంకేం చూడాలో చెప్పడు.

ఈ ఊరొచ్చిన కొత్తలో బిమ్లా పైకి చూపిస్తూ "పేడ్, పేడ్" అంటే, పేడ ఎక్కడ తొక్కానా అని నేలంతా వెతికాను. ఇక్కడ చెట్టును అలా అంటారట. ఆ ఆఫీసులో చెట్టు మాట ఎత్తగానే వాళ్ళు ముఖం పెట్టిన తీరు చూస్తే, ఆ పేరు సరిగ్గానే పెట్టారనిపించింది.

పార్కులో చెట్టయితే మాది, రోడ్డు పక్కదైతే రోడ్డువాళ్ళది అన్నాడు అక్కడి గుమాస్తా. రోడ్డు ఆఫీసుకు వెళ్ళాం. మురుగుకాలువ దాకా రోడ్డు, కాలువ దాటితే మాది కాదు అన్నారు. అయితే ఎవరిదయ్యా అని అడిగించాను.

"మాతాజీ, కొమ్మ రోడ్డు మీదికి వచ్చిందంటున్నారు కదా. ఆ రోడ్డు సగం ఢిల్లీ వాళ్ళది. వాళ్ళనడగండి," అన్నాడట అక్కడివాడు. సుభాషిణి తెలుగులో చెప్పింది.

"మొదలు ఒకడిది, కొమ్మ ఒకడిది, నీడ ఇంకొకడిదా? పశువును పంచుకున్న అన్నదమ్ములు కూడా ఇంత వాటంగా పంచుకోలేదు. ఇది హిందీలో చెప్పు," అన్నాను.

చెప్పానంది. చెప్పలేదు. చెబితే వాడు టీ ఇస్తానంటాడా? కోడలికి నోరు లేదు. ఇదీ రాయి.

మే 17

బిమ్లా నన్ను చూసి ఇస్త్రీపెట్టె ఠంగున పెట్టింది. ఏదేదో అంది. మనవరాలు వైశాలిని పిలిచి ఏమంటోందో చెప్పమన్నాను. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లో సగం హిందీనే.

"నాయనమ్మా, ఆఫీసులకు మత్ జావ్, వెళ్ళొద్దు అంటోంది. చెట్టు చూడటానికి ఎవరైనా వస్తే, చెట్టు కింద బల్ల కూడా దేఖేంగే కదా. బల్ల తీసేయమంటారు. ఇక్కడ పెట్టుకోమని దానికి ఎవరూ చెప్పలేదు. కిసీ కా నహీ హై, అందుకే ఉందట."

ఎవరిదీ కాదు కాబట్టి ఉందట. ఇదొక మాటా? నెత్తిన కొమ్మ వేలాడుతుంటే బల్ల గురించి ఏడుస్తోంది. బల్ల ఇంకోచోట పెట్టుకోవచ్చు, తల ఇంకోటి పెట్టుకోగలదా?

దాన్ని అడిగి చేసేదేముంది. మంచి చేసేటప్పుడు అడగరు.

మే 21, ఆదివారం

కాలనీ మీటింగు, పార్కులో. ఆడవాళ్ళు రారు, నేను వెళ్ళాను. కుర్చీ ఇచ్చారు.

ముందు నీళ్ళ సంగతి మాట్లాడారు. తరవాత కార్లు పెట్టుకునే చోటు లేదన్నారు. గోడ బయటి మట్టినేల ఉందిగా అని ఒకాయన అన్నాడు. అవునవును, అది కాలనీదే, మొదటి ప్లానులోనే ఉంది అన్నారు. వీరభద్రరావుగారు కూడా తల ఊపాడు. నేను చెయ్యెత్తాను. సుభాషిణి నా కొంగు లాగింది.

"కారు పెట్టటానికి కాలనీదైతే కొమ్మ కొట్టటానికీ కాలనీదేగా, తమ్ముడూ," అన్నాను.

"అక్కయ్యగారూ, ప్లాను వేరు, ప్రాక్టికల్ వేరు."

"అన్నం వేరు, మెతుకు వేరు."

తెలుగు తెలిసినవాడు ఆయనొక్కడే. మిగతావాళ్ళు ఏమందని అడిగితే, "మాతాజీ చెట్లంటే ఇష్టం అంటున్నారు" అని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చెట్టంటే ఇష్టమని నేనెప్పుడూ అనలేదు. అందుకే ఇది రాయిస్తున్నాను.

మే 24

గాలి లేదు. నాకే కాలు నిలవటం లేదు.

మే 27, శనివారం

నిన్న సాయంత్రం ఆంధీ వచ్చింది. ఆంధీ అంటే మన గాలివాన కాదు. వాన ఉండదు, దుమ్మే గోడలా లేచి వస్తుంది. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. కొమ్మ చివర, నా చెయ్యంత లావుది, విరిగి సరిగ్గా బల్ల మీద పడింది. బొగ్గులు చెదిరి ఎవరిదో తెల్లచొక్కా అంటుకుంది.

బిమ్లా అక్కడ లేదు. బట్టలివ్వటానికి మూడో వీధికి వెళ్ళింది. నేను మాత్రం ఉందనే అనుకున్నాను. గేటు దాకా ఎలా వెళ్ళానో తెలియదు, చెప్పుల్లేవు. దుమ్ములో దాని పేరు పెట్టి అరిచాను. అది వెనకనుంచి వచ్చి నా భుజం పట్టుకుంది. దాని చెయ్యి తోసేశాను, ఎక్కడ చచ్చావే అని తిట్టాను. తెలుగులోనే. దానికి అర్థమైంది, నవ్వింది.

పెద్దకొమ్మ ఇంకా అక్కడే ఉంది.

నిన్న నాకు భయమేసిందని సుభాషిణి రాయబోయింది. కొట్టేయమన్నాను. నేనరిచింది చొక్కా పోయినందుకు.

జూన్ 15

చాలా రోజులైంది రాయించి. వేలిముద్ర వేసి చెట్ల ఆఫీసులోనే అర్జీ ఇచ్చాం. మళ్ళీ వెళ్ళాం. ఆ ఆఫీసు బెంచీ మీద కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది.

ఇవాళ ఒకడు వచ్చి చెట్టు కింద దుప్పటి పరిచాడు. ఇద్దరు పైకెక్కి పచ్చికొమ్మలు కుదిపారు. నేరేళ్ళు రాలాయి. నేను రెండు ఏరుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మాతాజీ, యే హమారా హై. ఠేకా హై."

పండ్లు కాంట్రాక్టు పాడుకున్నాడట. కాగితం కూడా చూపించాడు. ఎవరిచ్చారని సుభాషిణితో అడిగించాను. మేం వెళ్ళిన చెట్ల ఆఫీసువాళ్ళే. పార్కులో లేదు, మాది కాదు అన్నారే, వాళ్ళే. పండుకు యజమాని ఉన్నాడు, కొమ్మకు లేడు.

బిమ్లా రోడ్డు మీదికి దొర్లిన పండ్లు చీరకొంగులో ఏరి తెచ్చి నా చేతిలో పోసింది. "అమ్మాజీ, హమారా పేడ్," అంది, వాడికి వినపడేటట్టు. నాలిక నల్లబడేదాకా ఇద్దరం తిన్నాం. ఆ మాట బాగుంది. హమారా. వాడూ అదే అన్నాడు, ఇదీ అదే అంది. బిమ్లా అన్నప్పుడు వేరేగా ఉంది.

జూన్ 20, మంగళవారం

వచ్చాడు. చివరికి చెట్ల ఆఫీసు నుంచి ఒకడు వచ్చాడు. టేపు పట్టుకుని, వెనక ఒక మనిషితో. సుభాషిణి పాలకని వెళ్ళింది, వైశాలి ట్యూషన్‌లో ఉంది. నేనొక్కదాన్నే గేటు దగ్గర.

గోడ దగ్గర్నుంచి కాలువదాకా కొలిచాడు. చెట్టు చుట్టూ తిరిగాడు. ఎండుకొమ్మ చూసి తల పట్టుకున్నాడు, నాకు ప్రాణం లేచొచ్చింది. తరవాత నా వైపు తిరిగి ఈ నేల ఎవరిదని అడిగాడు. "కిస్కా హై?" ఆ మాత్రం నాకు తెలుసు.

ఎవరిదీ కాదంటే వెళ్ళిపోతాడు. అందరూ ఇన్నాళ్ళూ చేసిందదేగా. అందుకని చెయ్యి బార్లా చాపి, నన్నూ, బిమ్లానూ, రోడ్డునూ, ఆయన్నూ కూడా చూపించి, "హమారా," అన్నాను.

"పేడ్?"

"హమారా."

ఇస్త్రీబల్ల చూపించాడు. బిమ్లా ముఖంలో నెత్తురు లేదు. "యే?"

"హమారా," అన్నాను.

రాసుకున్నాడు. వేలిముద్ర వేయమన్నాడు. వేశాను. వెళ్ళేటప్పుడు దండం కూడా పెట్టాడు.

నెలన్నర నుంచి ఇంతమంది మగవాళ్ళు తేల్చలేనిది నేను ఒక్క మాటతో తేల్చాను. ఇది పెద్దక్షరాలతో రాయి.

జూన్ 29, గురువారం

కాగితం వచ్చింది. సదాశివం పేరు మీద. వాడు నిలబడే చదివాడు, తరవాత కూర్చుని మళ్ళీ చదివాడు.

ఇంటి నంబరు నలభై ఒకటి వారు ఈ చెట్టూ, గోడ బయటి నేలా, అందులోని బల్లా తమవేనని చెప్పినందువల్ల, ఎండుకొమ్మ కొట్టించే పూచీ వారిదే. కొట్టటానికి అనుమతి ఇచ్చాం. ఇకమీద ఆ చెట్టువల్ల ఎవరికేమైనా జవాబుదారీ కూడా వారిదే.

"అమ్మా, ఆయనతో ఏమన్నావు?"

"హమారా అన్నాను."

"హమారా అంటే?"

"మన. మనది. అందరిదీ."

సుభాషిణి మెల్లిగా అంది. "అత్తయ్యా, హిందీలో మనకూ మాకూ ఒకటే మాట. మీరు మనదన్నారు. ఆయనకు మాదని వినపడింది."

నేను నమ్మలేదు. మన ఇల్లు అంటే ఎదుటిమనిషి లోపలికొచ్చి కూర్చుంటాడు. మా ఇల్లు అంటే గుమ్మం బయట ఆగుతాడు. పాలుతాగే పిల్లకు కూడా ఈ తేడా తెలుసు.

"రెంటికీ ఒకటే మాటయితే వీళ్ళు కాపరాలు ఎట్లా చేస్తున్నారే," అన్నాను.

వైశాలి పగలబడి నవ్వింది. సదాశివం నవ్వలేదు. రేపే వెళ్ళి దిద్దించుకొస్తానన్నాడు. ఎవడి కారు మీదో చెట్టు పడితే నేను కోర్టులో నిలబడాలా అన్నాడు.

జూన్ 30

సుభాషిణి ఆ ఆఫీసుకు ఫోను చేసింది. దిద్దుకోవచ్చట. దిద్దితే అది రోడ్డువాళ్ళ నేలగా రాసేసి, మీద ఉన్నవన్నీ తీయించేస్తారట. బల్ల కూడా. ఒకసారి కొలిచాక ఎవరో ఒకరిదని రాయాల్సిందే. ఎవరిదీ కాదని రాయటానికి గడి లేదట.

అందరిదీ అని రాయటానికి ఉందేమో అడగమన్నాను. అడిగింది. అదీ లేదట.

జూలై 2, ఆదివారం

కొమ్మ కొట్టించాడు. మూలుగుతూనే కొట్టించాడు. నా కొడుకు చెడ్డవాడు కాదు. తాడు కట్టి ముక్కముక్కగా దింపారు. లోపలంతా చెద. నేను చెప్పింది నిజం.

వీరభద్రరావుగారు చూడటానికొచ్చాడు. "అక్కయ్యగారూ, చెట్టును కాపాడతారనుకుంటే స్థలమే కబ్జా పెట్టారే. మా ఒంగోల్లో కూడా ఇంత నైపుణ్యం లేదు," అన్నాడు. అందరికీ అదే చెబుతున్నాడు.

పర్లేదు. బిమ్లా నెత్తిమీద ఇప్పుడు ఆకాశం ఉంది. ఇక నాకు పని లేదు.

జూలై 4

వీరభద్రరావుగారు కారు తెచ్చి ఆ మట్టినేలలో పెట్టాడు. కొమ్మ పోయింది, నీడ మిగిలింది, ఎవరికి చేదు? సదాశివం ఆఫీసునుంచి రాగానే చూశాడు. కారు తీయించాడు.

"అంకుల్, అది మా స్థలం. కాగితం ఉంది," అన్నాడు. ఇద్దరూ తెలుగులోనే అనుకున్నారు, నేను విన్నాను.

మా అన్నాడు.

జూలై 5

సదాశివం టేపు పట్టుకుని కొలుస్తున్నాడు. ఇనపకంచె వేయిస్తాడట. లోపల మొక్కలు, మన కారు. జవాబుదారీ మనదైనప్పుడు అనుభవించటానికేం అంటున్నాడు. బిమ్లాను రోడ్డుకు అటువైపు వెళ్ళమన్నాడు. అటువైపు చెట్టు లేదు. జూలై ఎండలో బొగ్గులపెట్టెతో.

"అది నీకేం చేసిందిరా," అన్నాను.

"ఏం చెయ్యలేదమ్మా. రేపు చెట్టు పడి దానికేమైనా అయితే నన్నే అడుగుతారు. నువ్వేగా రాయించావు."

నేనే రాయించాను. అది ఎవరిదీ కానన్నాళ్ళూ బిమ్లా ఉంది. ఆ మాట బిమ్లా చెప్పినప్పుడు నేను ఇదొక మాటా అన్నాను. ముందు పేజీల్లో ఉంటుంది, చదవొద్దు.

దిద్దితే రోడ్డువాళ్ళు తీస్తారు. దిద్దకపోతే నా కొడుకు తీస్తాడు.

జూలై 6

ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని చెట్టు కింద కూర్చున్నాను. కంచె వేస్తే నా చుట్టూ వేయమన్నాను. బిమ్లా గొడుగు పట్టబోతే నీ పని చూసుకోమన్నాను. సదాశివం రెండుసార్లు వచ్చి బతిమాలాడు. సుభాషిణి మజ్జిగ తెచ్చి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఒక్కసారి మొగుడితో ఒక్క మాట అనవచ్చు కదా. అనదు. నోరు లేదని ఊరికే అన్నానా?

జూలై 7

వానలో తడిసి జ్వరం. ఇంకేమీ రాయించను.

జూలై 9, ఆదివారం

పొద్దున సుత్తి చప్పుడుకు మెలకువ వచ్చింది. లేవబోతే కళ్ళు తిరిగాయి. అయిపోయిందనుకున్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నాను. సుభాషిణిని పిలిస్తే పలకలేదు. బయట దాని గొంతు వినపడింది, హిందీలో, ఎవరితోనో. చాలాసేపు. అంతసేపు అది మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

మధ్యాహ్నం చప్పుడు ఆగాక గోడ పట్టుకుని వెళ్ళాను. కంచె వేసేశారు. కొత్త ఇనుము, నల్లరంగు ఇంకా ఆరలేదు. అటు చివరా ఇటు చివరా మూసేశారు. రోడ్డు వైపు కూడా వేశారు గానీ, చెట్టుకు ఎదురుగా మధ్యలో ఖాళీ వదిలారు. గేటు లేదు, గేటుకు కొక్కెం కూడా లేదు. కారు పట్టదు. ఇస్త్రీబల్ల పడుతుంది. పట్టింది. బిమ్లా అందులో నిలబడి ఎవరిదో లాల్చీ ఇస్త్రీ చేస్తోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

సదాశివం వచ్చాడు. నడుం మీద చేతులు పెట్టుకుని ఆ ఖాళీ చూశాడు.

"భయ్యా, యే కిస్నే బోలా?" ఎవరు వదలమన్నారని కంచె మేస్త్రీని అడిగాడు.

ఆ మనిషి నన్ను చూపించాడు. "మాతాజీ నే."

నేను పొద్దున్నుంచి మంచం మీద ఉన్నాను. ఆ మనిషిని చూడటం ఇదే మొదలు. పైగా అంత హిందీ నాకెక్కడిది? సుభాషిణి వైపు చూశాను. అది బిమ్లా బల్ల మీద బట్టలు లెక్కపెట్టుకుంటోంది. మనవే, మడత కూడా విప్పకుండా, పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి.

"నువ్వు చెప్పావా అమ్మా?" అన్నాడు సదాశివం.

"చెప్పాను."

"జ్వరంతో పడుకునా?"

"జ్వరమొస్తే నోరు పోతుందట్రా?"

వాడు నన్ను చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, ఖాళీని చూశాడు. రంగు ఆరేదాకా ముట్టుకోకండి అని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు సుభాషిణి ఇది రాస్తూ కలం ఆపింది. తల వంచుకుని కూర్చుంది. ఈ పుస్తకం మొదట్లో ఒక మాట రాయించాను, నేను అన్నది అనలేదంటున్నారని. ఇవాళ అననిది అన్నానంటున్నారు.

అన్నాననే రాయి, సుభాషిణీ. ఇది మాత్రం దిద్దొద్దు.